పలక కనిపించని చోట లెక్క చెప్పడం

గణిత బోధన: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. జిల్లా పరిషత్ మరాఠీ మాధ్యమ పాఠశాలలో 11 ఏళ్లుగా రెండు, మూడు తరగతుల పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా బడి పిల్లల్లో ఎక్కువ మంది ఇళ్లలోనూ తెలుగే, కొందరి ఇళ్లలో గోండి. గణిత బోధన మీద మరాఠీలో పాడ్‌కాస్ట్ నడిపే ఇద్దరు యువకులు నన్ను అతిథిగా రమ్మన్నారు. ఫోనులోనే 40 నిమిషాల సంభాషణ రికార్డు చేస్తారట. శిక్షణ శిబిరాల్లో విన్న నాలుగు మాటలు తప్ప నాకు సిద్ధాంతాలేవీ తెలియవు. నల్లబల్ల లేకుండా లెక్క గురించి మాట్లాడటం ఎలాగో కూడా తోచడం లేదు. ఒప్పుకోవచ్చా? ఒప్పుకుంటే ఏం మాట్లాడాలి?
– ఒక ఉపాధ్యాయిని, సిరొంచ తాలూకా

సమాధానం: తప్పకుండా ఒప్పుకోండమ్మా. సిద్ధాంతాలు చెప్పగలిగినవాళ్లు ఆ యువకులకు పుణెలోనూ ముంబైలోనూ చాలామంది దొరుకుతారు. ఇంట్లో తెలుగులో లెక్కపెట్టి, బడికి వచ్చి అదే లెక్కను మరాఠీలో వినే పిల్లవాడి ఎదురుగా 11 ఏళ్లు నిలబడిన మనిషి మాత్రం వాళ్లకు సులభంగా దొరకదు. మీరు చెప్పగలిగిన విషయం అక్కడే ఉంది.

మరాఠీ సంఖ్యల పేర్లనే తీసుకోండి. 22ను బావీస్ అంటారు, 32ను బత్తీస్, 42ను బేచాళీస్, 52ను బావన్న, 62ను బాసష్ట, 72ను బాహత్తర్ అంటారు. అన్నింటిలోనూ ఉన్నది ఒకే రెండు, కానీ వినే చెవికి అది ప్రతిసారీ వేషం మార్చుకునే వస్తుంది. అంతేకాక మాటలో ఒకట్లు ముందు, పదులు తరువాత వస్తాయి, రాతలో పదులు ముందు, ఒకట్లు తరువాత ఉంటాయి. తెలుగులో ఇరవై రెండు, ముప్పై రెండు, నలభై రెండు అంటున్నప్పుడు రెండు ఎక్కడికీ పోదు, నోరు పలికిన వరుసలోనే చేయి రాస్తుంది. పదమూడు, పద్నాలుగు వంటి మాటల్లో కూడా పదే ముందుంటుంది. మన పిల్లలు బడిలో అడుగుపెట్టే నాటికే స్థాన విలువను సగం నాలుక మీద పెట్టుకుని వస్తున్నారని, మరాఠీ మాధ్యమంలో దాన్ని మనం ఉపయోగించుకోకుండా వదిలేస్తున్నామని నా గట్టి నమ్మకం.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో ఒక పిల్లవాడు తేవీస్, అంటే 23, అని చెబితే ప్రతిసారీ 32 అని రాసేవాడు. అజాగ్రత్త అనుకుని నెలల తరబడి మందలించాను. ఒక మధ్యాహ్నం, భోజనం తరువాత, ఎందుకో తెలుగులో ఇరవై మూడు రాయమన్నాను. తడుముకోకుండా 23 అని రాశాడు. వాడు అజాగ్రత్తగా లేడు, నేను చెప్పిన మాటలో మూడు ముందు వినబడింది కాబట్టి మూడే ముందు రాస్తున్నాడు. అన్ని నెలల మందలింపు వాడికి చేసిన అన్యాయం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. మీ తరగతిలోనూ ఇటువంటి పిల్లవాడు ఉండే ఉంటాడు. మీ 40 నిమిషాలకు మూలం ఆ పిల్లవాడి నోట్‌బుక్ కావాలి.

ఈ విషయం ఎత్తగానే అటువైపు నుంచి 2019 నాటి వివాదం ప్రస్తావన రావచ్చు. ఆ ఏడాది మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి రెండో తరగతి గణిత పుస్తకంలో ఏక్వీస్, బావీస్ వంటి పేర్లతో పాటు వీస్ ఏక్, వీస్ దోన్ అనే పద్ధతిని కూడా ప్రవేశపెట్టారు. భాష పాడవుతోందన్న అభ్యంతరం శాసనసభ దాకా వెళ్లింది. సంయుక్తాక్షరాలతో నిండిన సంఖ్యా పదాలు చిన్నపిల్లలకు భారమవుతున్నాయని గణిత సమితికి అధ్యక్షత వహించిన మంగళా నార్లీకర్ గారు ఆ మార్పును సమర్థించారు. ఎవరిది ఒప్పని అడిగితే తీర్పు చెప్పే పని మీరు పెట్టుకోవద్దు. వీస్ దోన్ అన్న పద్ధతి మా ఇళ్లలో ఇరవై రెండు అన్న రూపంలో తరతరాలుగా ఉన్నదేనని, దానితో పిల్లల రాతలో మీరు చూసిన తేడా ఇదని చెప్పండి. అది ఏ పక్షానిదీ కాని సాక్ష్యం.

మరాఠీని తక్కువ చేసినట్టు మాత్రం ఎక్కడా వినిపించకూడదు, ఎందుకంటే అది నిజం కూడా కాదు. 29ని ఏకోణతీస్ అనడంలో ముప్పైకి ఒకటి తక్కువ అన్న ఆలోచన దాగి ఉంది. 29కి 16 కలపమంటే, 30కి కలిపి ఒకటి తగ్గించుకునే ఉపాయాన్ని ఆ పేరే అందిస్తుంది. సవాయకీ, దిడకీ, అడీచకీ అంటూ ఒకటింబావు, ఒకటిన్నర, రెండున్నరలకు కూడా ఎక్కాలు వల్లె వేయించిన సంప్రదాయం మరాఠీది. కూడికలో మనం చేతిలో ఒకటి అంటాం, వాళ్లు హాత్చా ఏక్ అంటారు. రెండు భాషలూ ఆ ఒకటిని పెట్టింది చేతిలోనే. మనం మూడు భుజాలను చూసి త్రిభుజం అన్నదాన్ని వాళ్లు మూడు కోణాలను చూసి త్రికోణ్ అన్నారు. తరగతిలో ఈ రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి, ఒకే బొమ్మకు రెండు పేర్లు ఎందుకు వచ్చాయని అడిగితే పిల్లలే భుజాలూ కోణాలూ లెక్కపెట్టి చెబుతారు. ఇది మీరు చేసి ఉంటే తప్పక చెప్పండి. చేసి ఉండకపోతే రికార్డింగుకు ముందు ఒకసారి చేసి చూడండి.

ఇక నల్లబల్ల సంగతి. వినేవాళ్లు బస్సులోనో వంటింట్లోనో ఉంటారు, వాళ్ల చేతిలో కాగితం ఉండదు. కాబట్టి చెవి మోయగలిగిన లెక్కనే ఎంచుకోవాలి. రెండంకెల సంఖ్యలు రెండుకు మించకూడదు, ఒకసారి చెప్పిన సంఖ్యను మళ్లీ మళ్లీ పేరు పెట్టి పలకాలి, అది, ఇది అనకూడదు. ఉదాహరణకు 52 నుంచి 27 తీసివేయమంటే చాలామంది పిల్లలు 35 అని రాస్తారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచే రెండు తీసేసి ఐదు వేస్తారు. ఈ ఒక్క తప్పును చెవికి ఎక్కేలా చెప్పడానికి రెండు నిమిషాలు తీసుకోండి, తొందరపడకండి. తరువాత అదే పిల్లవాడు కిరాణా కొట్టులో 52 రూపాయల నుంచి 27 రూపాయల సరుకుకు చిల్లర ఎలా లెక్కపెడతాడో చెప్పండి: ఇరవై ఏడుకు మూడు కలిపితే ముప్పై, ముప్పై నుంచి యాభైకి ఇరవై, ఆపైన రెండు, మొత్తం ఇరవై ఐదు. ఈ లెక్కకు నల్లబల్ల అవసరమే లేదు, ఇది పుట్టిందే నోటి మీద.

నోటి లెక్కకూ రాత లెక్కకూ మధ్య ఉన్న ఈ దూరాన్ని బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో సంతలో అమ్మకాలు చేసే ఐదుగురు పిల్లలతో పరిశోధకులు పరీక్షించారు. నూన్స్ కరాహెర్, కరాహెర్, ష్లీమన్ 1985లో ప్రచురించిన ఆ అధ్యయనంలో, పిల్లలు సంతలో చేసిన లెక్కల్లో 98 శాతం సరిపోగా, అటువంటి లెక్కలే ఉత్త అంకెలుగా ఇచ్చినప్పుడు 37 శాతం మాత్రమే సరిపోయాయి. ఆ యువకులు పరిశోధనల గురించి అడిగితే ఈ ఒక్కటి చెప్పండి, చాలు. అడగకపోతే అదీ అవసరం లేదు, సిరొంచ కొట్టు ముందు మీరు చూసినది దానికి ఏమాత్రం తీసిపోదు.

రెండు జాగ్రత్తలు మాత్రం గట్టిగా చెబుతున్నాను. మొదటిది, జిల్లా పరిషత్ ఉపాధ్యాయులకు ప్రవర్తన నియమాలు వర్తిస్తాయి కనుక ప్రధానోపాధ్యాయుల ద్వారా విద్యాధికారికి రాతపూర్వకంగా తెలియజేసి అనుమతి తీసుకోండి. కార్యక్రమంలో బోధన గురించే మాట్లాడండి. రెండవది, పిల్లవాడి పేరే కాదు, ఊరు, బడి, అతడు చదివిన సంవత్సరం కూడా చెప్పకండి. మన చిన్న ఊళ్లలో పేరు మార్చినా, ఆ కొట్టు ఎవరిది, ఆ అబ్బాయి ఎవరు అని పక్కింటివాళ్లు ఇట్టే పట్టేస్తారు. తన తప్పు లోకానికి చెప్పారని ఆ పిల్లవాడు పదేళ్ల తరువాత వినకూడదు.

ముందుగా నిర్వాహకులను అడగవలసినవి: వినేది ఉపాధ్యాయులా, తల్లిదండ్రులా, మాట తడబడితే మళ్లీ చెప్పనిస్తారా, చిన్న ముక్కలుగా కత్తిరించి విడిగా పెడతారా, పెట్టే ముందు మీకు వినిపిస్తారా. ప్రశ్నలన్నీ ముందే పంపమని అడగకండి, అలా పంపితే జవాబులు రాసుకుని చదువుతారు, ఆ చదవడం వినేవాళ్లకు తెలిసిపోతుంది. రికార్డింగుకు రేకుల గది వద్దు, గొంతు మారుమోగుతుంది. పరుపులు, బట్టలు ఉన్న గదిలో ఫ్యాను ఆపి, ఫోనును నోటికి జానెడు దూరంలో పెట్టుకోండి. నెట్‌వర్క్ తెగిపోయే చోట ఒక ఫోనులో మాట్లాడుతూ, మరో ఫోనులో మీ గొంతును విడిగా రికార్డు చేసి తరువాత పంపితే వాళ్లు అతికించుకుంటారు.

ప్రశ్న: నేను ట్యూషన్లు చెబుతాను. ఒక తెలుగు పాడ్‌కాస్ట్‌లో భిన్నాల గురించి మాట్లాడుతూ మూడో వంతు అనవలసిన చోట మూడు వంతులు అన్నాను. ప్రసారమైన తరువాత గమనించాను. తీసేయమని అడగాలా?
– ఒక పాఠకుడు, ధర్మాబాద్, నాందేడ్ జిల్లా

సమాధానం: తీసేయించవద్దు, దిద్దించండి. ఆ వాక్యాన్ని మళ్లీ రికార్డు చేసి పంపి, ఆ చోట అతికించమని అడగండి. అది కుదరకపోతే కార్యక్రమం మొదట్లో అరనిమిషం సవరణ పెట్టమనండి. ఇందులో మీ పొరపాటు ఒక్కటే కారణం కాదు. మూడో వంతు, మూడు వంతులు రాతలో తేలికగా తెలిసినా, మాటలో కొద్దిపాటి తేడాతో ఒకటి మరొకటిగా వినబడతాయి. అందుకే నోటితో చెప్పేటప్పుడు మూడింట ఒక వంతు, నాలుగింట మూడు వంతులు అనడం మేలు, హారం ముందు వచ్చి, ఎన్ని ముక్కలు చేశామో తెలిశాక ఎన్ని తీసుకున్నామో తెలుస్తుంది. తరగతిలో కూడా ఇలాగే చెప్పి చూడండి. రెండు ప్లస్ మూడు ఇంటు నాలుగు అన్నప్పుడు కూడా ఇదే చిక్కు. మీ మనసులో 14 ఉన్నా, వినేవాడు వచ్చిన వరుసలో చేసుకుపోయి 20 అనుకుంటాడు. మూడు నాలుగుల పన్నెండు, దానికి రెండు కలపాలి అని చెబితే సందేహం ఉండదు.

ప్రశ్న: మేము ముగ్గురు డిగ్రీ విద్యార్థులం, తెలుగులో గణిత పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాం. మా పాత మాస్టారిని పిలిస్తే ప్రతి ప్రశ్నకూ ఒక్క వాక్యంలో జవాబు చెప్పి ఊరుకున్నారు. ఆయనతో మాట్లాడించడం ఎలా?
– బల్లార్షా, చంద్రపూర్ జిల్లా

సమాధానం: గణితం అంటే భయం ఎలా పోతుంది అని అడిగి ఉంటారు. ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరైనా ఒక్క వాక్యమే ఉంటుంది. ఈసారి ఆయనను పాత పరీక్ష కాగితాల్లోంచి ఒక తప్పు లెక్క వెతికి తెమ్మనండి, దాన్ని చదివించండి, పిల్లవాడు ఏమి అనుకుని ఆ జవాబు రాసి ఉంటాడో అడగండి. అడిగిన తరువాత ఆగండి. మౌనం భరించలేక మీరే మరో ప్రశ్న వేస్తే ఆయన ఆలోచన మధ్యలో తెగిపోతుంది. ఆ మౌనం వినేవాళ్లకు ఎక్కువ అనిపిస్తే తరువాత కత్తిరించుకోవచ్చు.