బెంగళూరు నుంచి హైదరాబాదుకు కారులో: ఒక్క సాకెట్‌తో అందరి ఛార్జింగ్ ఎలా?

ల్యాప్‌టాప్, ట్యాబ్, రెండు ఫోన్లు. కారులో 12 వోల్టుల సాకెట్ ఒక్కటే, కాబట్టి మూడు సాకెట్ల స్ప్లిటర్ కొనమంటారా అని అడిగారు. వద్దండీ. స్ప్లిటర్‌తో పెరిగేవి రంధ్రాలే, కరెంటు కాదు.

సాకెట్ మూత చూడండి. చాలా కార్లలో 120 వాట్లని ఉంటుంది, అంటే 10 ఆంపియర్లు. ల్యాప్‌టాప్‌కి 65, ట్యాబ్‌కి 30, ఫోన్లకు చెరో 25 వేసుకుంటే 145 వాట్లు. ఛార్జర్‌లో వేడిగా పోయేది కలిపితే 160 వాట్లు, దాదాపు 13 ఆంపియర్లు. ఇంత కొద్ది తేడాకి ఫ్యూజు వెంటనే పోదు, అసలు భయం అక్కడే. స్ప్లిటర్‌లోని సన్నని వైరు, వదులైన స్ప్రింగు గంటల తరబడి వేడెక్కి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. ఫ్యూజు పోతే ఎర్రది (10 ఆంపియర్లు) తీసి పసుపుది (20 ఆంపియర్లు) మాత్రం వెయ్యకండి. అప్పుడు ఫ్యూజు బదులు లోపలి వైరింగ్ కాలుతుంది.

స్ప్లిటర్ బదులు రెండు మూడు పోర్టులున్న మంచి పీడీ (పవర్ డెలివరీ, అంటే టైప్-సి ద్వారా ల్యాప్‌టాప్‌కీ సరిపడా పవర్ ఇచ్చే) కారు ఛార్జర్ ఒక్కటి కొనండి. డబ్బా మీది మొత్తం వాట్లు కాదు, రెండు పోర్టులూ వాడినప్పుడు ఒక్కోదానికి ఎంత వస్తుందో చూడాలి. టైప్-సి పోర్టుకి అప్పుడు కూడా 65 వాట్లు మిగలాలి. కేబుల్ 5 ఆంపియర్లది కావాలి, మామూలు 3 ఆంపియర్ల కేబుల్ 60 వాట్ల దగ్గరే ఆగిపోతుంది. బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్డులో కొంటే షాపులోనే మీ ల్యాప్‌టాప్‌కి పెట్టి చూడండి. ఇన్వర్టర్ ఎందుకండీ, 12 వోల్టుల్ని 230 చేసి మళ్ళీ ల్యాప్‌టాప్ కోసం 20కి దించడం రెండుసార్లు నష్టం.

బెంగళూరు ఉత్తరాన హెబ్బాళ దాటేసరికి ల్యాప్‌టాప్, ఒక ఫోను పెట్టండి. అనంతపురం దగ్గర ల్యాప్‌టాప్ తీసి ట్యాబ్ పెడితే సరిపోతుంది. స్టీరియో పక్కనుండే యూఎస్‌బీ చాలా కార్లలో పాటలకే, 0.5 ఆంపియర్‌తో మ్యాప్ నడుస్తుంటే ఫోను నిండదు సరికదా, తగ్గుతుంది కూడా. ఫోను హోల్డర్‌ని ఎండ తగిలే అద్దం దగ్గర కాక ఏసీ గాలి తగిలేచోట బిగించండి. వేడెక్కితే ఫోనే ఛార్జింగ్ తగ్గించేస్తుంది.

టీకి ఆగి ఇంజిన్ ఆపితే ల్యాప్‌టాప్ పీకేయండి. చిన్న కార్ల బ్యాటరీ 35 ఆంపియర్-అవర్లే, ల్యాప్‌టాప్ గంటకి అందులో దాదాపు ఆరు లాగేస్తుంది. పాత బ్యాటరీ అయితే రెండు గంటల తర్వాత స్టార్టర్ తిరగకపోవచ్చు.