ల్యాప్‌టాప్ తెరలో మీ చొక్కా గుండీలు కనిపిస్తున్నాయా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. తిరుపతి కొర్లగుంటలో ఉంటూ ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మధ్యాహ్నమయ్యేసరికి కళ్లు మంట, నుదుటి నొప్పి. నా ల్యాప్‌టాప్ తెర అద్దంలా మెరుస్తుంది, వెనకున్న కిటికీ అంతా అందులోనే కనబడుతుంది. కొత్తది కొంటే మ్యాట్ (మెరవని) తెర తీసుకోవాలా? షాపులో తేడా ఎలా తెలుస్తుంది?

జవాబు: మెరిసే తెర వల్ల చూపు దెబ్బతినదు, ఆ టెన్షన్ వద్దు. అక్షరాల మీద కిటికీ వెలుగు పడుతుంటే చదవడానికి కళ్లు చికిలిస్తారు, మెడ పక్కకు వంచుతారు. నుదుటి నొప్పికి అది చాలు. మంట సంగతి వేరు. మామూలుగా నిమిషానికి 15 సార్ల దాకా రెప్ప వేస్తాం. తెర ముందు కూర్చుంటే అది సగానికి, ఒక్కోసారి ఇంకా తక్కువకు పడిపోయి కంట్లో తడి ఆరిపోతుంది. నెత్తిన ఫ్యాన్ తిరుగుతుంటే, అందునా మన తిరుపతి ఎండల్లో, చెప్పక్కర్లేదు. ఏ తెర కొన్నా ఈ మంట పోదు.

మీ గదికి మాత్రం మ్యాటే నయం. షోరూంలో బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి రంగురంగుల వీడియో తిప్పుతుంటారు, తేడా తెలియదు. తెర ఆపేయమనండి. నల్లటి తెర ముందు ఫోన్ టార్చి పట్టండి. వెలుగు చుక్కలా స్పష్టంగా కనిపించి, మీ చొక్కా గుండీలు కూడా లెక్కపెట్టగలిగితే గ్లాసీ, అంటే మెరిసే తెర. వెలుగు మసగ్గా పరుచుకుంటే మ్యాట్. వివరాల్లో 'యాంటీ గ్లేర్' అని రాసుంటే దాదాపుగా మ్యాటే. టచ్ తెరలు, ఓఎల్ఈడీ తెరలు ఎక్కువగా గ్లాసీవే. మ్యాట్‌లో రంగులు కాస్త వెలిసినట్టుంటాయి. ఫొటోలు ఎడిట్ చేసేవారు ఆలోచించాలి గానీ, కోడ్ రాసుకునే మీకు దాంతో పనిలేదు.

పనిలో పనిగా తెర నీలి వెలుగును ఆపే బ్లూలైట్ కళ్లద్దాలు అంటగట్టబోతే వద్దనండి. వాటితో కంటి అలసట తగ్గుతుందనడానికి గట్టి ఆధారం వైద్య పరిశోధనలన్నీ కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2023 నాటి సమీక్షలోనూ దొరకలేదు.

రూపాయి ఖర్చు లేని పని ఒకటుంది. కిటికీ మీకు పక్కగా వచ్చేలా బల్ల తిప్పండి. వీపు వెనకా వద్దు, ఎదురుగానూ వద్దు. తెర చేయి చాచినంత దూరంలో, పై అంచు కంటి ఎత్తుకు కాస్త కిందుగా ఉండాలి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల అవతలికి 20 సెకన్లు చూడండి. కిటికీలోంచి శేషాచలం కొండ కనిపిస్తుంటే ఇంకేం కావాలి!

మీకు కళ్లద్దాలున్నాయో లేదో రాయలేదు. కొద్దిపాటి సిలిండర్ పవర్ (కంటి ముందు పొర వంపు అన్ని వైపులా సమంగా లేకపోవడం వల్ల వచ్చే చూపు లోపం) ఉన్నా నుదురు ఇలాగే లాగుతుంది. పది రోజుల్లో తగ్గకపోతే రుయా ప్రభుత్వాసుపత్రిలోనో, దగ్గర్లోని కంటి డాక్టరు దగ్గరో పరీక్ష చేయించుకుని ఆ తర్వాతే ల్యాప్‌టాప్ షాపుకు వెళ్లండి. వస్తువులు రెండుగా కనిపించినా, కన్ను ఎర్రబడి నొప్పి పెట్టినా ఆ పది రోజులు కూడా ఆగొద్దు.