బావి ఉన్న ఇళ్లవాళ్లు నల్లా పైపులైన్ వాటా మేం కట్టం అంటున్నరా? ఇట్ల చేయండి

అన్నా, మీ కాలనీల 24 ఇళ్లు. మడికొండ మెయిన్ రోడ్డు నుంచి కార్పొరేషన్ లైన్ లోపలికి తేవాలంటే 3,60,000 అయితదని మీ లెక్క. బాయిలున్న ఆరు ఇళ్లవాళ్లు "మాకు నీళ్లున్నయ్, మేమెందుకు కట్టాలె" అంటున్నరు.

బలవంతం పెట్టకుండ్రి, ఉన్న మాటలు పోతయి. ముందుకొచ్చిన 18 ఇళ్లు తలా 20,000 వేసుకోండి. తర్వాత బాయి ఇంటాయన ఎవరు నల్లా పెట్టించుకున్నా 15,000 కట్టాలె, ఆ పైసలు ఈ 18 ఇళ్లకు పంచాలె. ఆరుగురూ వచ్చేసరికి అందరికీ 15,000 కాడికే తేలుతది. ఇంట్లకు పోయే కనెక్షన్ ఖర్చు ఎవరిది వాళ్లదే, దీంట్ల కలపొద్దు.

రోడ్డు తవ్వకముందే ఇదంతా రాసి సంతకాలు పెట్టించుండ్రి. లైన్ కార్పొరేషన్ చేతికి పోయినంక ఎవరికి వాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే అప్పుడు వాటా అడగనీకి మీ చేతిల ఏముంటది? ఖాళీ ప్లాట్ల ఓనర్లను మర్చిపోకుండ్రి, అసలు పేచీ వాళ్లతోనే వస్తది.

బాయి నీళ్లను ఒకసారి ల్యాబుల చూపించుమనండి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు. మరిగిస్తే పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతది. రిపోర్టు చేతికొస్తే సగం మంది వాళ్లంతట వాళ్లే వస్తరు.

ఇంకోటి, బాయి మోటరు పైపును నల్లా పైపుకు అసలు కలపనియ్యకుండ్రి. నల్లా బందైనప్పుడు ఆ నీళ్లు ఎనుకకు లైన్లకు పోతయి. సంపు, ట్యాంకు వేరే పెట్టుకోమనండి.