చర్చి గోడకున్న ఆ చెక్క సిలువ కింద సమాధి లేదు

ఇంగ్లండ్‌లో ఒక పల్లె చర్చి గోడకి పాత చెక్క సిలువ చూశానని, దాని మీద సైనికుడి పేరు, 1917 అని ఉన్నాయని రాశారు. ఆయన్ని అక్కడే పాతిపెట్టారా అని మీ ప్రశ్న. అక్కడ కాదండీ. ఆయన సమాధి ఫ్రాన్స్‌లోనో బెల్జియంలోనో ఉండి ఉంటుంది. ఆ సిలువ మాత్రం నకలు కాదు, మొదట ఆ సమాధి మీద నిలబడిందే.

మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవాళ్ల శవాలను ఇంటికి తేవడాన్ని 1915లోనే ఆపేశారు. ఎక్కడ పోతే అక్కడే పాతి, తోటి సైనికులు దొరికిన చెక్కతో సిలువ చేసి పెట్టేవారు. తర్వాత సమాధుల లెక్క రాసే దళాలు వచ్చి, సన్నటి రేకు పట్టీల మీద పేరు, నంబరు, దళం అక్షరాలుగా గుద్ది, వాటిని సిలువకి మేకులతో కొట్టేవి. 1917లో ఏర్పడిన ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ 1920లలో వాటి స్థానంలో రాతి ఫలకాలు పెట్టింది. ఆఫీసరైనా మామూలు సిపాయైనా ఒకటే కొలత. అప్పుడు తీసేసిన సిలువలను కావాలన్న కుటుంబాలకు ఇచ్చారు. ఎవరూ అడగనివాటిని చాలామటుకు కాల్చేశారు. కొడుకు శవం ఎలాగూ రాదు, కనీసం ఆయన తలదగ్గర నిలబడిన కర్ర వచ్చింది. అది ఎంత గొప్ప విషయమో, దాన్ని చర్చికి ఎందుకిచ్చి దాచుకున్నారో నాకిప్పుడు బాగా అర్థమవుతుంది.

మేముండే సోమర్సెట్‌లో మెల్స్ అనే ఊరుంది. వీలైతే తప్పకుండా వెళ్లండి. 1917 నవంబరులో కాంబ్రై యుద్ధంలో చనిపోయిన ఎడ్వర్డ్ హార్నర్ గుర్రం మీద కూర్చున్న విగ్రహం అక్కడి చర్చిలో ఉంది. రూపొందించింది ఆల్‌ఫ్రెడ్ మనింగ్స్. దిమ్మె లుట్యెన్స్‌ది, ఢిల్లీలో మన నిజాం హైదరాబాద్ హౌస్‌కి నమూనా గీసినాయనే. అందరూ గుర్రాన్ని చూసి వెళ్లిపోతారు. వెనక్కి వెళ్లి చూడండి, దిమ్మెకి హార్నర్ సమాధి మీది మొదటి చెక్క సిలువ బిగించి ఉంటుంది.

ఇక శుభ్రం చేయొచ్చా అన్నారు. వద్దు. నాది గుంటూరు వైపు. సమాధుల పండుగ వస్తే మావాళ్ల సమాధులు కడిగి సున్నం వేయడం చిన్నప్పటి నుంచి అలవాటు. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక చిన్న చర్చిలో సిలువ అడుగున మట్టి మరక చూసి, పాపం ఎవరూ పట్టించుకోలేదనుకుని తడి గుడ్డ తీశాను. చర్చి బాగోగులు చూసే పెద్దావిడ గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అది ఫ్రాన్స్ మట్టి, అమ్మా" అంది. మరక ఎంత ఎత్తు వరకు ఉందో చూపించింది. అంతవరకు అది ఆయన పక్కన నేలలో ఉందన్నమాట.

నూనె, వార్నిష్ కూడా పూయకండి. ఫోటో తీస్తే రేకు పట్టీలు చదవగలిగేలా దగ్గర నుంచి ఒకటి, ఆ అడుగు భాగం ఒకటి విడిగా తీయండి.