అద్దాల షాపులో కూర్చోవడానికి నాలుగేళ్ళా?

"మా చెల్లికి నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. బి.ఎస్సీ. ఆప్టోమెట్రీలో చేర్పిద్దామంటే, అద్దాల షాపులో కూర్చోవడానికి నాలుగేళ్ళు చదవాలా అని మా బాబాయి అడ్డం పడుతున్నాడు" అని అడిగారు. ఇలాంటి బాబాయి మా ఇంట్లోనూ ఉన్నాడు. మాది కావలి పక్కన పల్లెటూరు. నేను ఈ పనిలోకి వచ్చి 11 ఏళ్ళయింది.

ముందు ఆ నాలుగేళ్ళ లెక్క. మూడేళ్ళు క్లాసులు, ఏడాది ఇంటర్న్‌షిప్. అదే కంటి డాక్టరు కావాలంటే ఎంబీబీఎస్ ఐదున్నరేళ్ళు, ఆపైన ఎం.ఎస్. మూడేళ్ళు. అద్దం అరగదీసి ఫ్రేములో బిగించే ఆప్టీషియన్ పని వేరు. ఆప్టోమెట్రిస్టులమైన మేం మధ్యలో వాళ్ళం. సైటు చూస్తాం, కంట్లో తేడా ఉంటే పట్టుకుంటాం, కత్తి మాత్రం పట్టుకోం. ఊళ్ళో మా ముగ్గురికీ కలిపి ఒకటే పేరు, "కళ్ళద్దాలాయన". పెళ్ళిచూపుల్లో మధ్యవర్తి నన్ను "సగం డాక్టరు" అని పరిచయం చేస్తే, అమ్మాయి తాత "ఏ సగం?" అన్నాడు. ఆ సంబంధం కుదరలేదు కానీ ప్రశ్న మాత్రం బాగుంది.

మా అమ్మ నాకోసం నెల్లూరు రొట్టెల పండక్కి వెళ్ళి, స్వర్ణాల చెరువులో ఉద్యోగ రొట్టె పట్టింది. తర్వాత నాకు ఒక అద్దాల షాపులో పని దొరికింది, నెలకు 9,000. కోరిక తీరితే మరుసటేడు వెళ్ళి ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి కదా. అమ్మ వెళ్ళలేదు. "షాపులో కూర్చుంటే ఉద్యోగం ఎట్లవుద్దిరా?" అంది. నిజం చెప్పాలంటే ఆమె అనుమానం తప్పు కాదు. ఆ షాపు ఓనరు, తలనొప్పి అని వచ్చిన ప్రతివాడికీ పావు పవరన్నా రాసిపెట్టమనేవాడు. రెండేళ్ళకు అది మానేసి కంటి ఆసుపత్రిలో చేరాను. అమ్మ అప్పుడెళ్ళి రొట్టె ఇచ్చొచ్చింది.

రోజంతా చేసేది ఏమిటంటే, "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడగడం. విసుగు పుట్టే పనే, కానీ మనుషులు విసుగు పుట్టనివ్వరు. చదువు రానివాళ్ళకి ఇంగ్లీషు 'E' అక్షరం నాలుగు వైపులా తిప్పిన చార్టు పెడతాం, కొమ్ములు ఎటున్నాయో వేళ్ళతో చూపాలి. రాపూరు నుంచి వచ్చిన ఒక అవ్వకి కొమ్ములు పైకున్నది చూపించగానే చేతులు జోడించింది. "పెంచలస్వామి నామం నాయనా" అంది, పెంచలకోన నరసింహస్వామి నామం అనుకుని. తర్వాతది పక్కకు తిరిగి ఉంటే, "స్వామిని పడుకోబెట్టారేంది?" అని నన్నే కోప్పడింది. ఇక కానిస్టేబుల్ సెలక్షన్లకు వెళ్ళే కుర్రాళ్ళయితే నేను లైటు వెయ్యకముందే చివరి వరుస అప్పజెప్పేస్తారు. బయట బెంచీ మీదే బట్టీ పట్టి వస్తారు మరి. అందుకే చార్టు మార్చేస్తుంటాను.

మా డాక్టరుగారు నన్ను ఆటపట్టిస్తుంటారు. "నువ్వు ఒకటా రెండా అని అడిగేలోపు నేను రెండు శుక్లాలు తీసేస్తానయ్యా" అంటారు. "తీసినచోట ఏ పవరు లెన్సు పెట్టాలో నేను కొలిస్తేనే కద సార్" అంటాను. ఇందులో జోకు సగమే. కంటి పొడవు ఒక్క మిల్లీమీటరు తప్పు కొలిస్తే దాదాపు రెండున్నర పవరు తేడా వస్తుంది. ఆపరేషన్ ఎంత అందంగా చేసినా ఆ పేషెంటుకి మసకే మిగులుతుంది. అయినా ఆయన్ని కూడా సొంత పెద్దమ్మే, "కంటి డాక్టరువా? మామూలు డాక్టరు చదువు అబ్బలేదా?" అని అడిగిందట.

ఒక కోతల సీజన్లో కోవూరు వైపు రైతు వచ్చి "అద్దాలు మసకేశాయి, మార్చండి" అన్నాడు. అద్దాలు బాగానే ఉన్నాయి. కంటిని పెద్దదిగా చేసి చూపే స్లిట్ ల్యాంప్ ముందు కూర్చోబెడితే నల్లగుడ్డు మీద బూజులాంటి తెల్లమచ్చ. వారం కింద వడ్ల నూగు కంట్లో కొట్టుకుందట, ఇంట్లో ఎవరివో మిగిలిన చుక్కలు వేసుకుంటున్నాడు. సీసా తెప్పించి చూస్తే స్టెరాయిడ్. వడ్ల నూగు తగిలిన కంట్లో ఫంగస్ పట్టొచ్చు, స్టెరాయిడ్ పడితే అది ఇంకా పెరుగుతుంది. వెంటనే డాక్టరుగారి గదికి పంపించా. కన్ను నిలిచింది. షాపులో ఉండి ఉంటే ఆ రోజు నేను ఒక జత అద్దాలు అమ్మేవాణ్ణి.

డబ్బు సంగతి దాచను. డాక్టరుగారికి నెల్లూరులో మూడు సైట్లున్నాయి, మాకున్నది జనాల సైటే. మొదటి నాలుగైదేళ్ళు జీతం గొర్రె తోకే. ఆసుపత్రిలో శుక్లం కొలతలు, కాంటాక్టు లెన్సులు, పిల్లల కళ్ళ పరీక్ష నేర్చుకుంటే కొంచెం కదులుతుంది. డాక్టర్లు, నర్సులు కాని మిగతా వైద్య సిబ్బంది కోసం 2021లో వచ్చిన అలైడ్ హెల్త్ చట్టంలో ఆప్టోమెట్రిస్టులకూ చోటిచ్చారు కాబట్టి, రేపు రిజిస్ట్రేషన్‌కి పనికొచ్చే కోర్సేనా అని కాలేజీలో అడిగి మరీ చేర్పించండి. రెండేళ్ళ డిప్లొమాతో దీన్ని కలిపి చూడొద్దు. ఆసుపత్రి లేని కాలేజీ అయితే ఎంత తక్కువ ఫీజైనా వద్దు.

చేర్చే ముందు చెల్లిని ఒక రోజు ఏదైనా కంటి ఆసుపత్రి ఓపీలో కూర్చోబెట్టండి. నలభయ్యో పేషెంటు దగ్గర కూడా "ఇది బాగుందా?" అని ఓపిగ్గా అడగగలనని తనకు అనిపిస్తే చేర్చండి. బాబాయిని కూడా వెంట తీసుకెళ్ళండి. నలభై దాటి ఉంటారు కదా, పేపరు చెయ్యి చాపి చదువుతున్నారేమో, ఆయనకు చత్వారం కూడా చూపించినట్టవుద్ది.