కెమెరా మార్చే ముందు అద్దె రోజులు లెక్కపెట్టండి

ప్రశ్న: మాది నరసరావుపేట దగ్గర ఒక మండల కేంద్రం. పదిహేనేళ్లుగా పెళ్లి వీడియోలు తీస్తున్నాను. ఏడాదికి 45 ప్రోగ్రాముల దాకా ఉంటాయి. 2016లో 1,10,000కి కొన్న సోనీ ఎంసీ2500, 2019లో 1,60,000కి కొన్న ఏ7 త్రీ బాడీ, దానికో 28-75 లెన్సు నా దగ్గర ఉన్నాయి. ఇప్పుడు పెళ్లి పార్టీలు 'సోనీ ఎఫ్ఎక్స్3 కెమెరా ఉందా' అని అడుగుతున్నారు. నిరుడు 11 ప్రోగ్రాములకు రోజుకు 3,500 చొప్పున అద్దెకు తెచ్చాను. కొత్త బాడీ 3,40,000 చెబుతున్నారు. నా రెండు కెమెరాలూ ఎక్స్‌ఛేంజ్‌కి ఇస్తే ఏ7కి 65,000, ఎంసీకి 25,000 ఇస్తామంటున్నారు. పాప ఇంటర్ చదువుకని వేసిన చిట్టీ పాడితే లక్షన్నర వస్తుంది. ఇంకో లక్ష రెండు రూపాయల వడ్డీకి తెస్తే సరిపోతుంది. గుంటూరులో స్టూడియో ఉన్న మిత్రుడు తీసుకున్నాడు, నన్నూ తీసుకోమంటున్నాడు. తీసుకోమంటారా?

జవాబు: ఈ సీజన్‌కి తీసుకోకండి. ఆ కెమెరా మంచిదే. మీరు డబ్బు సర్దిన తీరు మాత్రం మిమ్మల్ని ఇబ్బందిలో పడేస్తుంది. మీ ఉత్తరంలో అన్నింటికంటే విలువైన అంకె 3,40,000 అనుకుంటున్నారేమో. నా కంటికి ఆనింది 11. నిరుడు మీరు అద్దెకు తెచ్చిన రోజులు. నా జవాబంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు మీ పాత కెమెరాల సంగతి. ఏ7 బాడీ ఆరేళ్లు వాడారు, ఇవాళ 65,000 వస్తుంది. అంటే ఆరేళ్లలో కరిగింది 95,000, ఏడాదికి దాదాపు 16,000. నలభై ఐదు ప్రోగ్రాముల మీద పంచితే ఒక్కో పెళ్లికి 350 రూపాయలు. ఎంసీ2500 ఇంకా చవక. తొమ్మిదేళ్లలో కరిగింది 85,000, పెళ్లికి 210 పడింది. ఇంత తక్కువలో మీకు పనిచేసిపెట్టిన వస్తువు ఇంకొకటి ఉండదు. అలా ఎందుకు పడిందంటే, మీరు వాటిని ఊరికే మార్చలేదు, చాలాకాలం వాడుకున్నారు. కెమెరా బాడీ ధర మొదటి రెండు మూడేళ్లలో గబగబా పడిపోతుంది, ఆ తర్వాత మెల్లగా జారుతుంది. రెండేళ్లకోసారి మార్చేవాళ్లు ఆ నిటారు దిగుడునే ప్రతిసారీ తమ జేబులోంచి కడతారు.

ఆ దిగుడు కొట్టు గడప దగ్గరే మొదలవుతుంది. కెమెరాల మీద జీఎస్టీ 18 శాతం. మీకు చెప్పిన 3,40,000లో పన్ను భాగమే దాదాపు 51,900. సేవలు చేసేవాళ్లకు మన దగ్గర ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీ రాబడి ఆ లోపే ఉందనుకుంటే ఆ పన్ను మీకు తిరిగి రాదు, మీ దగ్గర పాతది కొనేవాడూ దానికి లెక్కకట్టి ఇవ్వడు. గుంటూరు మిత్రుడికి జీఎస్టీ నంబరు ఉండి ఉంటే ఆ 51,900 ఆయన తాను కట్టే జీఎస్టీలో క్రెడిట్‌గా తీసుకుంటాడు, ఆయనకు అదే కెమెరా 2,88,000కి పడుతుంది. ఆయన అమ్మినప్పుడు కొంత తిరిగి కట్టాల్సి వస్తుంది, అది వేరే సంగతి. ఒకే పెట్టె, ఒకే బిల్లు, కానీ మీ ఇద్దరికీ ధర ఒకటి కాదు. ఆయన లెక్క ఆయనకు సరిపోయి ఉండొచ్చు, మీకు మాత్రం సరిపోదు.

ఇక మీరు రాయని ఖర్చులు. మీ ఎంసీ2500 ఎంత బాగా తీసినా సెకనుకు 28 మెగాబిట్లే రాస్తుంది, గంటకు 12.6 జీబీ. ఎఫ్ఎక్స్3లో 4కే, 25 ఫ్రేములు, పది బిట్ రంగు పెట్టి తీస్తే 140 మెగాబిట్లు, గంటకు 63 జీబీ. ఆరు గంటల పెళ్లికి అక్కడ 76 జీబీ, ఇక్కడ 378 జీబీ. ఈ సరుకంతా ఎక్కడ పెడతారు? పార్టీ ఆల్బమ్ తీసుకెళ్లేదాకా రెండు కాపీలు ఉంచుకోవాలి కదా. కార్డులకు 25,000, హార్డ్‌డిస్కులకు 20,000, మీ ఎడిటింగ్ సిస్టంలో మార్పులకు 60,000 వేసుకోండి. మొత్తం 1,05,000. అప్పుడు అసలు ఖర్చు 4,45,000 అవుతుంది. అందులోంచి ఎక్స్‌ఛేంజ్ 90,000, చిట్టీ లక్షన్నర తీసేస్తే మిగిలేది 2,05,000. మీరు లక్ష అప్పు అనుకున్నారు, అది రెండు లక్షలు దాటింది.

ఒక్క మంచి విషయం చెప్పాలి. మీ లెన్సూ, బ్యాటరీలూ ఎక్కడికీ పోవు. ఏ7 త్రీకి వేసే బ్యాటరీయే ఎఫ్ఎక్స్3కీ పడుతుంది, లెన్సు బిగించే మౌంటూ ఒకటే. వేరే కంపెనీకి మారితే ఈ ఖర్చు ఇంకా పెరిగేది.

ఇప్పుడు ఏడాదికి ఎంత పడుతుందో చూద్దాం. నాలుగేళ్ల తర్వాత బాడీ సగం ధరకు పోతుందనుకుందాం. ఇది నా అంచనా, కొంచెం ఉదారంగానే వేశాను. 2021 ఫిబ్రవరిలో వచ్చిన మోడల్ అది. మీరు వాడే నాలుగేళ్లలో దాని తర్వాతిది వస్తే పాతదాని ధర ఆ వారంలోనే దిగుతుంది. సగం అంటే 1,70,000 నష్టం, ఏడాదికి 42,500. కార్డులు, డిస్కులు, సిస్టం ఖర్చు నాలుగేళ్లకు పంచితే ఏడాదికి 26,250. రెండు రూపాయల వడ్డీ మీద 2,05,000కి మొదటి ఏడాదే 49,200. చూశారా, కెమెరా అరిగిపోయేదానికంటే వడ్డీయే ఎక్కువ. మొత్తం కలిపితే ఏడాదికి దాదాపు 1,18,000. నిరుడు మీరు అద్దెకు కట్టింది 38,500.

పదకొండు పెళ్లిళ్ల కోసం 1,18,000 పెడితే ఒక్కో పెళ్లికి 10,700 దాటుతుంది. మీ పార్టీ అంత అదనంగా ఇస్తుందా? వడ్డీతో కొంటే, అద్దె రోజులు 34 దాటాకే సొంత కెమెరా లాభం. అప్పు లేకుండా సొంత డబ్బుతో కొంటే 20 రోజులు చాలు. మీరు ఇప్పుడు 11 దగ్గర ఉన్నారు. ఈ ఏడాది ఎన్నిసార్లు తెచ్చారో గోడ మీది క్యాలెండర్‌లోనే గుండ్రం చుట్టి పెట్టుకోండి.

వడ్డీ గురించి ఇంకొక్క మాట. మీ పని ముహూర్తాల పని. 2024 వేసవి గుర్తుంది కదా, మూఢం వచ్చి మే, జూన్ నెలల్లో పెళ్లిళ్లే లేకుండా పోయాయి. ఆషాఢం ప్రతి ఏడాదీ వస్తుంది. ముహూర్తాలు ఆగినా వడ్డీ ఆగదు. 2020లో బ్యాంకులు మార్చి నుంచి ఆగస్టు దాకా కిస్తీలు వాయిదా వేసుకోమన్నాయి, ఆ ఆరు నెలల వడ్డీ మాత్రం తర్వాత వసూలయింది. ఊళ్లో అప్పిచ్చినాయన ఆ వాయిదా కూడా ఇవ్వడు. ఎప్పటికైనా అప్పు తప్పదనుకుంటే బ్యాంకుకు వెళ్లి చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర 'కిశోర్' రుణం అడగండి. 50,000 దాటి 5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, బ్యాంకు వడ్డీ దానికి చాలా దిగువన ఉంటుంది. కొట్లో 'వడ్డీ లేని ఈఎంఐ' అన్నా, ఒకేసారి డబ్బు కట్టేవాడికి ఎంత తగ్గిస్తారో అడగండి. ఆ తగ్గింపే మీరు కట్టే వడ్డీ.

ఎక్స్‌ఛేంజ్ విషయానికి వద్దాం. ఎంసీ2500ని 25,000కి ఇవ్వకండి. దాని విలువ పడాల్సిందంతా ఎప్పుడో పడిపోయింది, ఇంకో రెండేళ్లు ఉంచుకుంటే పోయేది ఓ పదివేలు. మండపం దగ్గర స్టాండ్ మీద పెట్టి గంటలకొద్దీ కట్ లేకుండా తీయడానికీ, ఎల్ఈడీ స్క్రీన్‌కి ఫీడ్ ఇవ్వడానికీ అది ఇప్పటికీ పనికొస్తుంది. దాన్ని ఇచ్చేస్తే పెళ్లి పెళ్లికీ రెండో కెమెరా అద్దెకు తేవాలి. రెండూ ఇచ్చి ఒకటి తెచ్చుకుంటే, తాళి కట్టే వేళకు అదొక్కటి మొండికేస్తే చేసేదేమీ లేదు.

అమ్మే రోజు వచ్చినప్పుడు అవతలివాడు ఏం చూస్తాడో తెలుసుకుని వెళ్లండి. ఒకసారి మా మేనమామ కొడుకు కెమెరా అమ్మడానికి హైదరాబాద్‌లో కెమెరా కొట్లుండే కోఠి గుజరాతీ గల్లీకి నేనూ వెంట వెళ్లాను. కౌంటర్ వెనకాయన స్విచ్ ఆన్ చేయకముందే గ్రిప్ రబ్బరు అంచుని గోరుతో కొంచెం లేపాడు. అక్కడ పసుపు. తలంబ్రాల పసుపు, అక్షింతల పొడి, చెమటతో కలిసి గీతలా గట్టిపడి ఉంది. "మ్యారేజ్ కెమెరా" అన్నాడు, అంతే, చెప్పబోయే ధరలోంచి నాలుగు వేలు దిగిపోయాయి. తర్వాత లెన్సు తీసి సెన్సర్‌ని దీపం కింద వంచి చూశాడు. బిల్లూ పెట్టే అడిగాడు. పెట్టె ఇంటి దగ్గర అటక మీద ఉంది, బిల్లు ఎక్కడుందో తెలియదు. ఇంకో మూడు వేలు పోయాయి. ప్రతి పెళ్లి తర్వాత మెత్తటి బ్రష్‌తో పది నిమిషాలు తుడుచుకోండి. బిల్లు ఫోటో తీసి ఫోన్లో, అసలుది బీరువాలో పెట్టండి. సొంతంగా తెలిసినవాళ్లకు అమ్మగలిగితే ఎక్స్‌ఛేంజ్ కంటే సాధారణంగా ఎక్కువే వస్తుంది.

మరి కొనకుండా వచ్చే రెండేళ్లు ఏం చేయాలి? అద్దెకే తెచ్చుకోండి, కానీ ఆ అద్దె మీ జేబులోంచి పెట్టకండి. మీ ఉత్తరం చదివితే 3,500 మీరే భరిస్తున్నట్టు అనిపించింది. కొటేషన్‌లో 'ఎఫ్ఎక్స్3 అయితే అదనంగా 4,500' అని విడిగా రాయండి. నిజంగా కావాలనుకున్న పార్టీ ఇస్తుంది, మాటవరసకు అడిగింది 'ఉన్నదాంతోనే కానివ్వండి' అంటుంది. ఇందులోనే మీకు అసలు గిరాకీ ఎంతో తెలిసిపోతుంది. రెండోది, ప్రతి ప్రోగ్రాం బ్యాలెన్సు చేతికి రాగానే 1,500 వేరే ఖాతాలో వేయండి. ఏడాదికి 67,500, రెండేళ్లకు 1,35,000. మీ కెమెరాకు మీరే అద్దె కడుతున్నట్టు అనుకోండి. ఆ డబ్బు ఇంటి ఖర్చులతో కలవకూడదు.

అప్పటికి అద్దె రోజులు 20 దగ్గరికి వస్తే ఏ7 బాడీ అమ్మి, ఈ డబ్బు కలిపి, సెకండ్ హ్యాండ్‌లో ఎఫ్ఎక్స్3 చూడండి. మొదటి నిటారు దిగుడు వేరేవాళ్లు కట్టేసి ఉంటారు. లేదా ఎఫ్ఎక్స్30 కూడా చూడండి. 2022లో వచ్చింది, సెన్సర్ చిన్నది, ధర దాదాపు సగం. తక్కువ వెలుతురులో ఎఫ్ఎక్స్3కి సాటిరాదు, కానీ అర్ధరాత్రి ముహూర్తమైనా మన మండపాల్లో లైట్లకు కొదవ ఉండదు. ఇబ్బంది వచ్చేదల్లా ఎదురుకోళ్ల దగ్గరా, ఊరేగింపులోనూ. ఈలోగా చేతిలో పది ఇరవై వేలు ఆడితే బాడీ కంటే లెన్సు మీద పెట్టండి, లెన్సు విలువ బాడీ అంత తొందరగా పడిపోదు.

ఆదాయపు పన్ను గురించి క్లుప్తంగా. లెక్కలు రాసి రిటర్న్ వేస్తుంటే కెమెరా మీద ఏడాదికి 15 శాతం తరుగుదల (విలువ తగ్గినందుకు ఖర్చు) చూపించొచ్చు, కొన్న ఏడాది 180 రోజులకంటే తక్కువ వాడితే అందులో సగమే. రాబడిలో ఇంత శాతం అని ఉజ్జాయింపు పద్ధతిలో వేస్తుంటే తరుగుదల అందులోనే కలిసిపోయినట్టు, విడిగా రాదు. 'పన్ను కలిసొస్తుంది కొనేయ్' అని ఎవరైనా అంటే మీరు ఏ పద్ధతిలో వేస్తున్నారో ముందు మీ ఆడిటర్ని అడగండి.

చివరిగా పాప చిట్టీ. ఈ నెల పాట పాడకండి. మీకు అవసరం తోసుకొస్తోంది కాబట్టి ఎక్కువ తగ్గించి పాడతారు, అక్కడే కొన్ని వేలు పోతాయి. చివరిదాకా ఉంచి, వచ్చిన రోజే ఇంటర్ ఫీజు కట్టే నెలకు గడువు తీరేలా పాప పేరు మీద డిపాజిట్ చేయండి. ఈ ఏడాది క్యాలెండర్‌లో గుండ్రాలు ఎన్ని వచ్చాయో మాఘమాసం పెళ్లిళ్లు అయ్యాక నాకు రాయండి, అప్పటి ధరలతో ఈ లెక్క మళ్లీ వేద్దాం.