తేలిక స్పోర్ట్స్ కారుకు ఏ ఇంజన్, ఏ బాడీ? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా నాన్నగారికి కర్నూలులో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది. బ్రిటన్‌కు చెందిన తేలిక స్పోర్ట్స్ కారు లోటస్ సెవెన్ నమూనాలో గొట్టాల ఫ్రేముతో రెండు సీట్ల కారు కట్టాలని నేనూ మా తమ్ముడూ అనుకుంటున్నాము. స్క్రాపు అంగడిలో ఒక స్విఫ్ట్ ఇంజనూ ఒక జిప్సీ ఇంజనూ బేరానికి ఉన్నాయి. హయబుసా బైకు ఇంజన్ వీటికన్నా మేలని మిత్రులు చెబుతున్నారు. ఏది తీసుకోవాలి? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: జిప్సీ ఇంజన్ తీసుకోండి, గేర్‌బాక్సుతో సహా తీసుకోండి. మీరు హార్స్ పవర్ గురించి ఆలోచిస్తున్నట్లున్నారు గానీ, ఇలాంటి కారులో ముందుగా తేల్చుకోవలసినది గేర్‌బాక్స్ ఏ దిక్కుకు కూర్చుంటుందన్న సంగతి. 1957లో లోటస్ సంస్థ స్థాపకుడు కాలిన్ చాప్‌మన్ తెచ్చిన లోటస్ సెవెన్‌లో ఇంజన్ ముందు భాగంలో పొడవు వాటంగా ఉంటుంది, దాని వెనుక గేర్‌బాక్స్, అక్కడి నుంచి సీట్ల మధ్యగా వెనుక చక్రాలకు ప్రొపెల్లర్ షాఫ్ట్ వెళ్తుంది. జిప్సీ అమరికా ఇదే. పైగా దాని ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనుక యాక్సిళ్లకు బలాన్ని పంచే గేర్ల డబ్బా) గేర్‌బాక్సుకు అతుక్కొని ఉండదు. మధ్యలో చిన్న షాఫ్టుతో విడిగా బిగించి ఉంటుంది కాబట్టి, దాన్ని పూర్తిగా వదిలేసి గేర్‌బాక్స్ నుంచి నేరుగా వెనుక యాక్సిల్‌కు షాఫ్టు చేయించుకోవచ్చు. అయితే ఆ ట్రాన్స్‌ఫర్ కేసు హై రేంజిలో (మామూలు రోడ్డు మీద వాడే స్థితిలో) కూడా షాఫ్టు తిరిగే వేగాన్ని కొంత తగ్గిస్తుంది. అది లేనప్పుడు ప్రతి గేరూ పొడవవుతుంది (అంటే కారు వేగం పెరిగి, లాగే బలం తగ్గుతుంది) గనుక, టైరు సైజు నిర్ణయించుకొని, దానికి తగిన రేషియో ఉన్న యాక్సిల్ వెతకండి. ఈకో వ్యాను యాక్సిల్‌ను ముందుగా పరిశీలించండి.

ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్‌కు బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) జిప్సీలోని 1298 సీసీ ఇంజన్ 80 హార్స్ పవర్ ఇస్తుంది. వెయ్యి కిలోలకు దగ్గరగా ఉండే జిప్సీలో అది మామూలు బలమే గానీ, మీ కారు 550 కిలోల లోపు తేలితే టన్నుకు 145 హార్స్ పవర్ వస్తుంది. లోటస్ తర్వాత సెవెన్‌ను తయారుచేస్తున్న కేటర్‌హామ్ సంస్థ తన సెవెన్ 160 లో పెట్టినది 660 సీసీ సుజుకి టర్బో ఇంజనేనని, దాని బలమూ 80 హార్స్ పవరేనని గుర్తుంచుకోండి.

స్విఫ్ట్ ఇంజన్ మంచిదే, కాని అది అడ్డంగా కూర్చునేది. గేర్‌బాక్సూ డిఫరెన్షియలూ ఒకే డబ్బాలో ఉండి ముందు చక్రాలను తిప్పుతాయి. దాన్ని వాడాలంటే మొత్తం సెట్టును సీట్ల వెనుకకు మార్చాలి. 1996 నాటి లోటస్ ఎలీజ్‌లో రోవర్ ఇంజన్‌ను అలాగే అమర్చారు. అది చక్కని దారే అయినా మీరు గీసుకున్న ఫ్రేము దానికి పనికిరాదు. బైకు ఇంజన్ విషయంలో నాకు అసలు భయం ఆయిల్ గురించే. బైకు మలుపులో వాలుతుంది కాబట్టి సంపులోని (ఇంజన్ అడుగున ఉండే తొట్టిలోని) ఆయిల్ తన చోటనే నిలుస్తుంది. కారు వాలదు, ఆయిల్ ఒక పక్కకు ఎగదన్ని పంపు గాలిని పీలుస్తుంది, బేరింగులు కొద్ది క్షణాల్లోనే దెబ్బతింటాయి. సంపులో అడ్డరేకులు వేయకుండా ఆ ఇంజన్‌ను మలుపుల్లో నడపరాదు. రివర్స్ గేరు లేకపోవడం, కారు బరువుకు క్లచ్ త్వరగా అరగడం ఆ తర్వాతి ఇబ్బందులు.

ఏ ఇంజన్ అయినా ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్), వైరింగ్, తాళంచెవి ఒకే బండివి తెచ్చుకోండి. మన మే నెల ఎండలో ఇంజన్ వేడెక్కకుండా, కారు ముక్కులోకి వచ్చిన గాలి రేడియేటర్ పక్కల నుంచి జారిపోకుండా రేకులతో మూసి, కూలెంట్ ట్యాంకును ఇంజన్ హెడ్డు కన్నా ఎత్తులో బిగించండి. లేకుంటే హెడ్డులో గాలి చిక్కుకుంటుంది.

ప్రశ్న: ఇలాంటి కారు బాడీకి ఫైబర్ గ్లాస్ అన్నింటికన్నా తేలిక అంటారు. అల్యూమినియం కన్నా అదే నయమా? – ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని, అనంతపురం

జవాబు: లెక్క వేసి చూస్తే తేడా దాదాపు లేదు. చదరపు మీటరు ప్యానెల్‌కు 0.8 మిల్లీమీటర్ల ఉక్కు రేకు సుమారు 6.3 కిలోలు, 1.2 మిల్లీమీటర్ల అల్యూమినియం 3.2 కిలోలు, చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే గాజునార మ్యాట్‌ను రెండు పొరలుగా వేసిన 2 మిల్లీమీటర్ల ఫైబర్ గ్లాస్ 3 కిలోలు తూగుతాయి. గాజునారను పట్టి ఉంచే జిగురు, అంటే రెసిన్, కాస్త ఎక్కువ పోస్తే ఆ ఆధిక్యం కూడా పోతుంది. కాబట్టి బరువును పక్కన పెట్టి, ఆకారాన్ని బట్టి ఎంచుకోండి. ఒకే వైపు వంగే పక్క రేకులకూ బానెట్‌కూ అల్యూమినియం, రెండు వైపులా వంపు తిరిగే ముక్కుకూ మడ్‌గార్డులకూ ఫైబర్ గ్లాస్ సరిపోతాయి. అల్యూమినియం రేకు ఉక్కు గొట్టాన్ని నేరుగా తాకితే, తడి చేరినప్పుడు రేకే తినుకుపోతుంది. అందువల్ల గొట్టానికి ప్రైమర్ కొట్టి, మధ్యలో సీలెంట్ పూసి రివెట్లు వేయాలి. కార్బన్ ఫైబర్ కూడా అల్యూమినియాన్ని అలాగే తినేస్తుంది. ఈ స్థాయి కారులో దాని ఖర్చుకు తగిన ఫలితం దక్కదు.

అనంతపురం వేడిలో పాలియెస్టర్ రెసిన్ కలిపిన కొద్ది నిమిషాలకే గడ్డకడుతుంది. తెల్లవారుజామున, చిన్న చిన్న గిన్నెల్లో కలుపుకొని పని చేయండి. రెసిన్ గట్టిపడేందుకు కలిపే కోబాల్ట్ యాక్సిలరేటర్‌నూ హార్డనర్‌నూ ఎన్నడూ ఒకదానిలో ఒకటి నేరుగా పోయకండి, పేలుతుంది. ముందుగా కోబాల్ట్‌ను రెసిన్‌లో బాగా కలిపిన తర్వాతే హార్డనర్ వేయాలి.

ప్రశ్న: సొంతంగా కట్టిన కారుకు రిజిస్ట్రేషన్ వస్తుందా? – ఒక పాఠకుడు, కడప

జవాబు: మామూలు దారిలో రాదు. కొత్త వాహనం నమూనాను పుణెలోని ఏఆర్ఏఐ వంటి సంస్థ పరీక్షించి ఆమోదించాలి. ఒక్క కారు కట్టుకునేవారికి ఆ ఖర్చు మోయరానిది. బ్రిటన్‌లో ఒక్కో కారును విడిగా పరీక్షించి అనుమతించే పద్ధతి ఉంది గనుకనే అక్కడ కిట్ కార్లు వర్ధిల్లాయి. పాత కారు ఆర్‌సీని ఇలాంటి కారుకు వాడుకోవడమూ కుదరదు. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుంది, 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. కారును ట్రెయిలర్ మీద తీసుకెళ్లి, కోయంబత్తూరులోని కారి ట్రాక్‌లోనో చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లోనో నడపడానికి నిర్వాహకుల అనుమతి అడగండి; రోల్‌బార్ (కారు బోల్తా పడితే తలను కాపాడే గొట్టం), సీటు బెల్టుల నియమాలను మాత్రం ఫ్రేము వెల్డింగ్ మొదలుపెట్టక ముందే వారి దగ్గర తెలుసుకోండి.